నీలి సైన్యానికి ఉల్లిపాయలు

సోమవారం ఉదయం అల్లుడు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగుతూ అత్తగారిని ఒక ప్రశ్న అడగాలి. ఆవిడ చెప్పిన అంకెను ఒక అట్టముక్క మీద రాసుకోవాలి. మధ్యాహ్నానికల్లా ఆ సంగతి మరిచిపోయి వేరే పనిలో పడాలి. భోజనాల బల్ల మీద భోజనం చేసి మూడు నెలలైంది. దాని నిండా నల్లటి అట్ట పరిచి ఉంది. అట్ట మీద తొమ్మిది గ్రహాలు, వాటి మధ్య దారులు, దారుల మీద నీలం రంగు బిళ్లలు, బూడిద రంగు బిళ్లలు. ఇంట్లో ఉన్న ముగ్గురూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడానికి అలవాటు పడిపోయారు.

అల్లుడు ఫర్నిచర్ కంపెనీలో వంటింటి అల్మరాల నమూనాలు గీసేవాడు. ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి, నక్షత్రాల మధ్య జరిగే యుద్ధం గురించి బల్ల మీద ఆడే ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. ఆ సెలవు వచ్చే ఆదివారంతో తీరిపోతుంది. ఇలాంటి ఆటలు అచ్చువేసి అమ్మే కంపెనీ యజమానురాలు గురువారం పదకొండు గంటలకి ఇంటికే వచ్చి చూస్తానని కబురు పెట్టింది. ఆవిడకి నచ్చితే ఇకనుంచి ఇదే అతని పని. నచ్చకపోతే సోమవారం తొమ్మిదింటికి మళ్లీ అల్మరాలు. అక్కడి మేనేజరు వారానికోసారి ఫోన్ చేసి, అతని కుర్చీని ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టానని చెబుతున్నాడు. అది దయో బెదిరింపో అల్లుడికి ఇంకా తేలలేదు.

ఆటలో ఒక్కటే లోపం. బూడిద సామ్రాజ్యానికి లక్షమంది సైనికులున్నారు. వాళ్లని ఒక్క బిళ్లలో పెట్టి ఏ గ్రహం మీదికైనా నెట్టేయవచ్చు. నెట్టినందుకు ఖర్చేమీ లేదు. కాబట్టి ఎవరు ఆడినా పెద్ద సైన్యమే తీసుకుంటున్నారు, ప్రతిసారీ పెద్ద సైన్యమే గెలుస్తోంది. ఆడిచూసిన స్నేహితులు మూడోసారికి ఆవలించారు. సైన్యాన్ని కదిలిస్తే ఎంత ఖర్చవుతుందో తేల్చి, ఆ ఖర్చు ఆటలో పెడితే లోపం పోతుందని అల్లుడికి ఆదివారం స్నానం చేస్తుండగా తట్టింది. అడగడానికి మనిషి ఇంట్లోనే ఉంది. అత్తగారు పెద్దాసుపత్రి క్యాంటీనులో ఇరవయ్యారేళ్లు సరుకుల గది చూసింది. రోజుకి తొమ్మిది వందల మందికి తిండి. ఉద్యోగం మానేసి నాలుగేళ్లైనా పక్కింటివాళ్లు ఎంత నూనె కొన్నారో సంచీ చూసి చెప్పగలదు.

"అత్తయ్యా, పన్నెండువేల మందికి ఎనిమిది నెలలు తిండి పెట్టాలంటే సుమారుగా ఎంతవుతుందండీ?" అని అడిగాడు అల్లుడు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఏం పని చేసేవాళ్లు బాబూ?"

"పోట్లాడేవాళ్లు. నా ఆటలో నీలి సైన్యం."

"ఆటలోదైతే ఏం, ఆకలి ఆకలే. అందరూ తింటారా?"

"వాళ్లు కాక మూడువేల మంది మరమనుషులున్నారు. వాళ్లు తినరు."

"వడ్డించడానికి పనికొస్తారా?"

ఆ సంగతి తను ఆలోచించలేదని అల్లుడు ఒప్పుకున్నాడు. అత్తగారు అతన్ని జాలిగా చూసి, సుమారు లెక్కలు తనకి చేతకావని చెప్పింది. క్యాంటీనులో ఆవిడ ఎన్నడూ దేన్నీ ఊహించలేదు. ముందు రేటు కనుక్కునేది, తరవాత తలకెంతో వేసేది, ఆ తరవాతే అంకె చెప్పేది. అంకె కావాలంటే మార్కెట్‌కి ఫోన్ చెయ్యాలి. చెయ్యమన్నాడు అల్లుడు. అప్పటికే అతని చేతిలో కత్తెర ఉంది, బుర్రలో యుద్ధం ఉంది.

ఆవిడ మొదట ఫోన్ చేసింది ఉల్లిపాయల షావుకారుకి. ఏ మూటనైనా రెండుసార్లు తూచందే కదలనివ్వడు కాబట్టి మార్కెట్లో అతన్ని రెండోతూకం అంటారు. తలకి రోజుకి యాభై గ్రాములు, పన్నెండువేల మంది, రెండువందల నలభై రోజులు, వెరసి నూటనలభైనాలుగు టన్నులకి రేటు చెప్పమంది. ఎంత దూరం పంపాలని షావుకారు అడిగాడు. అత్తగారు తల తిప్పి అల్లుణ్ణి అడిగి, లారీలు వెళ్లే దూరం కాదని, వాళ్ల ఓడలు వాళ్లకున్నాయని చెప్పింది. ఎవరికి అని అడిగాడు. నీలి సైన్యానికి అంది. కుదిరితే బూడిదవాళ్లకి కూడా రేటు కనుక్కోవాలని, వాళ్లు లక్షమంది అని కలిపింది. ఆవిడ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆట అన్న మాట ఒక్కటే చెప్పలేదు. షావుకారు ఆ మాట అడగలేదు.

అక్కడితో ఆగినా ఏ గొడవా ఉండేది కాదు. ఆ మార్కెట్లో రేటు ఎవరైనా అడగవచ్చు, అడిగినంత మాత్రాన కొన్నట్టు కాదు. కానీ ఏ రోజుకి కావాలో తారీఖు చెబితే మాత్రం సరుకు ఖాయం చేసినట్టే. కాగితం ఉండదు, సంతకం ఉండదు, తారీఖే సంతకం. అత్తగారికి ఈ సంగతి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. కానీ షావుకారు "ఎప్పటికి కావాలమ్మా?" అని అడిగేసరికి ఇరవయ్యారేళ్ల అలవాటు ఆవిడకంటే ముందు నోరు తెరిచింది.

"బాబూ, మీ సైన్యం ఎప్పుడు బయల్దేరుతుంది?" అని బల్లకేసి కేకేసింది.

కంపెనీ ఆవిడ ముందు ఆట మొదలుపెట్టాల్సిన సమయమే అల్లుడి మనసులో ఉంది. "గురువారం పదకొండు గంటలకండీ," అన్నాడు తలెత్తకుండా.

ఆ మాటే ఆవిడ ఫోన్లో చెప్పింది. షావుకారు ఈ విషయం మూడో కంటికి తెలియనివ్వనని మాటిచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం ఒక్క గుడ్లామెకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అది కూడా, అంతమంది ఒట్టి ఉల్లిపాయలు తిని బతకరు కాబట్టి చెప్పాడు. అత్తగారు గుడ్లామెకి కూడా ఫోన్ చేసి రేటు అడిగేసరికి గుడ్లామెకి అనుమానం తీరిపోయింది.

మంగళవారం సాయంత్రం అల్లుడి భార్య మందుల షాపులో డ్యూటీ ముగించుకుని, చిన్న సంచీతో ఇంటికొచ్చింది. రెండు కిలోల డబ్బులిస్తే అరకిలో ఉల్లిపాయలు ఇచ్చారని, గుడ్లు అసలే లేవన్నారని చెప్పింది. రెండోతూకం పొద్దున్నే చుట్టుపక్కలవాళ్ల సరుకంతా కొనేసి గోదాముకి తాళం వేశాడట. అది చూసి మిగిలినవాళ్లూ తాళాలు వేశారట.

"ఎవరో ఎక్కడో పెద్ద వంట పెట్టుకున్నారే," అంది అత్తగారు. "తిండి లెక్క తెలియనివాళ్లు చివరి నిమిషంలో ఇలాగే మార్కెట్ మీద పడతారు."

అల్లుడికి ఉల్లిపాయల గురించి వినే తీరిక లేదు. అత్తగారి అంకెలు అతని యుద్ధాన్ని తినేస్తున్నాయి. పిండి ఒక్కటే పదకొండువందల యాభైరెండు టన్నులు తేలింది. ఓడకి వంద టన్నుల చొప్పున పన్నెండు ఓడలు కావాలి. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు ఆవిడ ఆ ఓడలు నడిపేవాళ్ల సంగతేమిటని అడిగింది. ఓడకి యాభైమంది చొప్పున ఆరువందలమంది. వాళ్లకీ పిండి కావాలి, దానికి ఇంకో ఓడ. ఆ ఓడలో మళ్లీ యాభైమంది. అల్లుడు చెమట తుడుచుకుని, ఇక ఇంతేనా అన్నాడు.

"తిరిగి రావడానికో?"

అల్లుడు నియమాల కాగితాలు తిరగేశాడు. ఆరు నెలల్లో సైన్యం వెళ్లడం గురించి నలభై పేజీల నియమాలు రాశాడు. తిరిగి రావడం గురించి ఒక్క వాక్యం లేదు.

"వాళ్లు తిరిగి రారా బాబూ?" అంది ఆవిడ మెల్లగా. "ఆ సంగతి వాళ్ల అమ్మలకి చెప్పే పంపుతున్నారా?"

అతను రబ్బరు తీసుకుని పన్నెండు ఓడలని చెరిపి ఇరవయ్యారు చేశాడు. నీళ్ల లెక్క మొదలెట్టేసరికి అట్ట మీద ఓడలు పెట్టడానికి చోటు చాలలేదు. కొన్నిటిని కుర్చీ మీద పెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం భార్యకి సెలవు. మొగుడూ పెళ్లాం కొత్త లెక్కలతో ఆట ఆడిచూశారు. ఆవిడది బూడిద సామ్రాజ్యం, అతనిది నీలి సైన్యం. రెండు గంటలు గడిచాయి. అతను ఇంకా పిండి ఎక్కిస్తున్నాడు. ఆవిడ లక్షమందికి నీళ్లు పడుతోంది. శత్రువులు ఒకరి ముఖం ఒకరు చూసుకునే అవకాశమే రాలేదు.

"ఏంటి, యుద్ధం మొదలైందా?" అన్నాడు అతను ఆశగా.

"మావాళ్లు ఇంకా గిన్నెలు కడుగుతున్నారు," అంది ఆవిడ. మొహం పక్కకి తిప్పుకుని, సోమవారానికి చొక్కాలు ఇస్త్రీ చెయ్యమంటావా అని అడిగింది.

ఖర్చులన్నీ తీసేసి పాత ఆటే చూపిద్దామని అతను ఆ సాయంత్రం రెండుసార్లు అనుకున్నాడు. బూడిద బిళ్ల తీసి ఆరో గ్రహం మీదికి నెట్టబోయాడు కూడా. లక్షమంది నాలుగో రోజుకి పస్తులుంటారన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెలిసిన లెక్కని తెలియనట్టు నటించడం అతనికి కుదరలేదు. మర్నాడు ఏది జరిగితే అది జరుగుతుందని, చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

గురువారం పదిన్నరకి మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. కంపెనీ ఆవిడ ముందే వచ్చిందనుకుని అల్లుడు తలుపు తీశాడు. ఎదురుగా రెండు మూటలు, వాటి వెనక ఉల్లిపాయల షావుకారు, అతని చంకలో తక్కెడ. ఇవి నమూనా మూటలని, మొదటి విడత సరుకు లారీలో కింద ఉందని, ఓడలు ఏ రేవులో ఉన్నాయో చెబితే నేరుగా అక్కడికే తోలిస్తానని చెప్పాడు. అతని భుజం మీదుగా గుడ్లామె ముప్పై అట్టల గుడ్లు లోపలికి అందించింది. గుడ్లు పెట్టే చోటు కోసం చూసింది. ఎక్కడా లేదు. తొమ్మిదో గ్రహం మీద పెట్టింది.

మూడో మనిషి మునిసిపాలిటీ ఆరోగ్య ఇన్‌స్పెక్టర్. గుడ్లామె తన షెడ్డులో అదనంగా అట్టలు పెట్టుకోవడానికి అనుమతి అడగబోయి, పన్నెండువేల మంది సంగతి అతనికీ చెప్పింది. నివాస గృహంలో అనుమతి లేకుండా పన్నెండువేల మందికి వంట చేస్తున్నారని ఫిర్యాదు రాసుకుని, అతను పరిశీలనకి వచ్చాడు. వంటిల్లు చూపించమన్నాడు. అత్తగారు చూపించింది. రెండు పొయ్యిల స్టవ్వు, దాని మీద పాలగిన్నె. అతను ఫారంలో పొయ్యిల సంఖ్య వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

అత్తగారికి అప్పటికి విషయం అర్థమైంది. "తారీఖు చెప్పేశాను బాబూ," అంది అల్లుడితో. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు.

సరిగ్గా పదకొండు గంటలకి కంపెనీ యజమానురాలు గుమ్మంలో నిలబడింది. బూడిద రంగు కోటు, చేతిలో తోలు సంచీ. లోపలికి రాకముందే గడియారం చూసుకుంది. ఆ చూసుకున్న తీరు చూసి షావుకారు నిటారుగా నిలబడ్డాడు.

"నీలమా, బూడిదా అమ్మగారూ?" అన్నాడు వినయంగా.

ఆటలో తనని ఏ పక్షం తీసుకోమంటారో అడగడానికి ఇక్కడొక మనిషిని పెట్టారనుకుంది ఆవిడ. "బూడిద ఇవ్వండి," అంది.

"లక్షమంది మీవాళ్లే కాబట్టి టన్నుకి కొంత తగ్గిస్తాను."

"నేనైతే అసలు తగ్గించను," అంది గుడ్లామె. "గెలిచేవాళ్లకి తగ్గించడం ఎందుకు?"

ఇద్దరూ ఆవిడకి చెరో పక్కన నిలబడి రేట్లు పాడటం మొదలుపెట్టారు. ఆవిడ ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ ఉల్లిపాయల మూట మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ ఆవిడనే బాధ్యురాలిగా రాసుకోవచ్చా అని అడిగాడు. ఇక లాభం లేదని అల్లుడు బల్ల దగ్గరికి వెళ్లి, నీలి బిళ్ల ఒకటి తీసి షావుకారు అరచేతిలో పెట్టాడు. సైన్యం ఇదేనని, ఇంతేనని చెప్పాడు. పన్నెండువేల మంది ఇందులోనే ఉన్నారన్నాడు.

షావుకారు బిళ్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. అలవాటు కొద్దీ తక్కెడలో వేశాడు. ముల్లు కదల్లేదు. మళ్లీ వేశాడు.

"ఏడు టన్నులు అదనంగా కొన్నాను," అన్నాడు.

కంపెనీ ఆవిడ లేచి సంచీ సర్దుకుంటోంది. అల్లుడు ఇస్త్రీ చొక్కా మడతలకేసి చూసుకున్నాడు. షావుకారు మాత్రం వెళ్లిపోకుండా కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. ఇంత దూరం వచ్చాక కనీసం తన ఉల్లిపాయలు ఎక్కడున్నాయో చూసి పోతానన్నాడు. అల్లుడు రెండో గ్రహం మీదున్న గోదాము చూపించాడు. దాని పక్కనే పసుప్పచ్చటి నక్షత్రం.

"ఇంత ఎండలో ఉల్లిపాయలు పెట్టింది ఎవరయ్యా? పది రోజుల్లో మొలకలొస్తాయి," అని షావుకారు గోదామును ఎత్తి నీడగా ఉన్న ఏడో గ్రహం మీద పెట్టాడు. దాంతో నీలి సైన్యం దారి సగానికి సగం తగ్గింది. ఇది అల్లుడికి ఆరు నెలల్లో తట్టలేదు. గుడ్లామె వంగి చూసి, ఎనిమిది నెలల ప్రయాణానికి గుడ్లు పంపే తెలివితక్కువవాళ్లు ఎవరని అడిగింది. కోళ్లని పంపాలంది. కోళ్లకి గింజలెవరు మోస్తారని షావుకారు అన్నాడు. మరమనుషులు మోస్తారని అత్తగారు అంది. తారీఖు చెప్పిన నేరం ఇంకా ఆవిడ గొంతులో ఉంది గానీ, చెయ్యి అప్పటికే ఓడల మీద ఉంది.

కంపెనీ ఆవిడ నిలబడే కాసేపు చూసింది. తరవాత, నీలంవాళ్లు ఇలా కలిసికట్టుగా ఆడితే బూడిదవాళ్ల గతేమిటని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తనే తన ఓడని కదిలించబోయింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. బిళ్ల మీద గీసిన ఆ ఓడ నమూనా అతను అప్పటికే శ్రద్ధగా చూసి ఉన్నాడు. వంటిల్లు చక్కగా గీశారు, అల్మరాలు కూడా ఉన్నాయి, లక్షమందికి మరుగుదొడ్డి మాత్రం ఒక్కటీ లేదన్నాడు. ఫారం వెనక నుంచి చిన్న ముక్క చించి, సంతకం చేసి, ఓడ మీద పెట్టాడు. ఓడ సీలైపోయింది.

"ఇదేం అన్యాయం? నేను మూడు గ్రహాల సామ్రాజ్యాన్ని," అంది కంపెనీ ఆవిడ.

"ఎన్ని గ్రహాలున్నా నియమం నియమమేనండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

మూడు గంటలకి అత్తగారు అందరికీ కాఫీ ఇచ్చింది. అప్పటికి నీలి సైన్యం ఆకలితో లేదు, మరుగుదొడ్లు గీశాక బూడిద ఓడకి సీలు విడిపోయింది, యుద్ధం మాత్రం ఇంకా మొదలవలేదు. ఎవరికీ దాని సంగతి గుర్తు లేదు. కంపెనీ ఆవిడ తోలు సంచీలోంచి ఒక ఉత్తరం తీసి, రెండుగా చింపి, ఖాళీ కప్పు కింద పెట్టింది.

"మా గోదాములో పదకొండు యుద్ధాలున్నాయి," అంది అల్లుడితో. "ఒక్కటీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇది పన్నెండోది, వద్దని రాసిన ఉత్తరం ఇచ్చి వెళ్దామని వచ్చాను. ఇప్పుడు తీసుకుంటాను. కాకపోతే సైన్యాలు తీసెయ్యండి. సరుకులు ఉంచండి."

ఒక్కో సైనికుడికి సన్న కుంచెతో కళ్లు కూడా దిద్ది, నాలుగువందల పన్నెండు బిళ్లలు చేశాడు అల్లుడు. "ఒక్కళ్లు కూడా వద్దాండీ?" అన్నాడు.

ఆవిడ ఆలోచించింది. "ఇన్‌స్పెక్టర్ బిళ్ల ఒకటి చెయ్యండి."

షావుకారు ఏడు టన్నుల సంగతి అత్తగారు ఆ సాయంత్రమే తేల్చింది. తారీఖు చెప్పింది తను కాబట్టి మాట తనదేనంది. పెద్దాసుపత్రి క్యాంటీనుకి ఫోన్ చేసి, తన స్థానంలో వచ్చిన మనిషికి నాలుగేళ్ల తరవాత మళ్లీ పని నేర్పింది. ఆసుపత్రి ఆ ఉల్లిపాయల్ని మామూలు ధరకి తీసుకుంది. గోదాములకి తాళాలు ఊడాయి. ఆ తరవాత పదకొండు వారాలపాటు రోగులకి ప్రతి పూటా ఉల్లిపాయలు వడ్డించారు. ఎందుకో వాళ్లకెవరూ చెప్పలేదు.

ఒప్పందం ప్రకారం మొదట మార్చాల్సింది సరుకుల గది బొమ్మ. పిండికి, గుడ్లకి, గింజలకి వేరువేరు అరలతో, తలుపులతో, కొలతలతో సహా వివరంగా కావాలని కంపెనీ ఆవిడ రాసింది. సోమవారం తొమ్మిదింటికి అల్లుడు భోజనాల బల్ల ముందు కూర్చుని స్కేలు అందుకున్నాడు. తొమ్మిదీ అయిదుకి మేనేజరు ఫోన్ చేశాడు. ఇవాళ్టినుంచి రావడం లేదని, వేరే పనిలో చేరానని అల్లుడు చెప్పాడు. ఏం పని అని ఆయన అడిగితే, అల్మరాలు గీస్తున్నానని నిజమే చెప్పాడు.